గట్టిగా చెప్పలేని మాట

లలితమ్మ ఆ పొద్దున పొయ్యి వెలిగించలేదు.

సూరత్‌లో, గోడాదరాలోని ఆ ఇంట్లో తెల్లారితే ముందు వినపడేది ఆమె చాయ్ గిన్నె చప్పుడే. ఇవాళ అది లేదు. వంటింట్లో గోడకు ఆనుకుని కూర్చుని, కొంగు అంచును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. కోడలు విజయశ్రీ ఎదురుగా పీట మీద కూర్చుంది.

"నా బిడ్డ రోజూ నా పక్కల్నే పండుకుంటది," అంది లలితమ్మ చివరికి. "నాకు చెప్పలే. నీకు చెప్పింది."

"నాకు గూడ మొన్న ఐతారమే చెప్పిందత్తమ్మా. అంతకు ముందు ఎవలకూ చెప్పలే."

"ఐతారం సంది నీ కడుపుల పెట్టుకున్నవు గద. రాత్రి దాక నాకెందుకు చెప్పలే?"

విజయశ్రీ పీట మీద కాస్త ముందుకు జరిగింది. ఏం చెప్పినా అది ఇంకో తగువుకు దారి తీస్తుందని ఆమెకు తెలుసు.

లోపలి గదిలో సుమన దువ్వెన పట్టుకుని నిలబడిపోయింది. జడ సగమే అయింది. ఇరవై రెండేళ్ల పిల్ల. పర్వత్ పాటియాలోని ఒక ఆఫీసులో కంప్యూటర్ మీద చీరలకు పువ్వులూ తీగలూ గీసే పని. పుట్టింది సూరత్‌లోనే కనుక పనిలో హిందీ, గుజరాతీ, ఇంట్లో మాత్రం సిరిసిల్ల తెలుగు. ఎడమ రొమ్ములో గోలీ లాంటి గడ్డ ఒక రోజు స్నానం చేస్తుంటే చేతికి తగిలింది. ఆ రోజు నుంచి స్క్రీన్ మీద ఏ పువ్వు గీసినా దాని మధ్యలో ఆమెకు అదే కనపడుతోంది.

"చూపియ్యాలె అత్తమ్మా," అంది విజయశ్రీ. "ఇవాళ్నే నేను తోల్కపోత."

"చూపిద్దాం. ఎవలద్దన్నరు? పెండ్లి అయినంక చూపిద్దాం. దీపావళి దాటితె పెండ్లి. ఇప్పుడు దవఖాన మెట్లెక్కితె గల్లీ అంత తెలుస్తది. జమున వదినె చెవుల పడితె ఏమైతది?"

జమున, సుమనకు కాబోయే అత్త. రెండు గల్లీల అవతల ఉంటుంది. ఆమె కొడుకు కమలాకర్ ఊరి శివార్లలోని సచిన్‌లో రంగుల మిల్లులో సూపర్‌వైజరు. తాంబూలాలు పుచ్చుకున్నాక ఇంకా ఒక్క పండగైనా రాలేదు. భర్త పోయాక ఒంటిచేత్తో కొడుకును పెంచిన మనిషి జమున. ఆమె మాట సూటిగా ఉంటుంది, నవ్వు తక్కువ. ఆమె పేరు వింటేనే లలితమ్మకు కాస్త బెదురు.

"ఆమెకు తెలిస్తే తెలువనీ," అంది విజయశ్రీ.

"నీకేంది, అనేశినవ్. సంబంధం తప్పిపోతె ఎవలు ఏడ్సాలె? నేను, నా బిడ్డ."

అప్పటిదాకా మంచం మీద కళ్లు మూసుకుని పడుకున్న బాలవ్వ, సుమన వాళ్ల బాపమ్మ, లేచి కూర్చుంది.

"నాకొక్క ముచ్చట చెప్పు లలితా. పెండ్లి దాక పెరగకుండ ఆగుమని ఆ గడ్డకు ఎవలు చెప్పిన్రు? దానికి గూడ శుభలేఖ పంచుతవా, ఫలానా తారీకు దాక జర ఓపిక వట్టుమని?"

విజయశ్రీ నవ్వు ఆపుకోలేక మొహం పక్కకు తిప్పుకుంది. లోపల సుమనకు కూడా నవ్వొచ్చింది. ఇన్నాళ్ల తర్వాత వచ్చిన నవ్వు.

"అత్తా, నువ్వు నడుమల రాకు."

"ఎందుకు రావొద్దు? నా మనుమరాలు. ఆ విజయశ్రీ తోల్కపోత అంటున్నది. పోనియ్యి."

లలితమ్మ దిగ్గున లేచింది. "విజయశ్రీ ఎందుకు తోల్కపోతది? తల్లి లేదా దానికి? గడ్డ అయింది నా బిడ్డకు. నేనే తోల్కపోత."

విజయశ్రీ తల వంచుకుని పొయ్యి వెలిగించింది. వంచిన మొహంలో చిన్న నవ్వు ఉంది. రాత్రి నుంచి ఆమె కోరుకుంటున్నది ఆ ఒక్క మాటే.

అప్పుడు చూశారు, గడప దగ్గర పరుశురాంను. ఎప్పుడొచ్చాడో ఎవరికీ తెలియలేదు. వంగి చెప్పులు విప్పుకుంటున్నాడు. జోల్వాలో మగ్గాల నైట్ షిఫ్టు దిగి వచ్చిన మనిషి, తల మీద దూది పోగులు ఇంకా అలాగే ఉన్నాయి. చేతిలో పొద్దుటి టిఫినుకు తెచ్చిన లోచో పొట్లం.

సుమన సగం జడతోనే బయటికి వచ్చింది. నలుగురు ఆడవాళ్లూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

పరుశురాంకు చెవులు వినపడవు. పెళ్లికి ముందు నుంచీ పవర్‌లూమ్ మగ్గాల మధ్యే నిలబడ్డ చెవులు. ఎవరైనా పక్కన నిలబడి అరిస్తే తప్ప మాట అందదు. ఈ ఇంటికీ పక్క ఇంటికీ ఉన్నది ఒకటే గోడ. గోడ అవతల పోశమ్మ. పోశమ్మ చెవులు మాత్రం చాలా చక్కగా పనిచేస్తాయి. ఇక ఆ మాట ఆయనకు చెప్పడమెలా?

"ఏమైంది? అందరు గిట్ల నిలవడ్డరు?" అన్నాడు పరుశురాం.

బాలవ్వ గొంతెత్తి, "సుమనకు పన్ను నొస్తున్నదిరా," అంది.

"యాది పన్ను?"

సుమన కుడి చెంప పట్టుకుంది. అదే క్షణంలో విజయశ్రీ, "ఎడమ దిక్కు మామయ్యా," అని అరిచింది. సుమన చెయ్యి ఎడమ చెంపకు మారింది.

పరుశురాం కూతురి మొహం చూశాడు. భార్య మొహం చూశాడు. తల ఊపాడు. లోచో పొట్లం బాలవ్వ చేతిలో పెట్టాడు.

"సరే. దవఖానకు పోదాం. నేను గూడ వస్త."

"నువ్వెందుకు?" లలితమ్మ ఆయన చెవి దగ్గరకు వెళ్లి అరిచింది. "రాత్రంత నిలవడి వచ్చినవ్. పండుకో."

"బిడ్డకు నొస్తుంటె నాకు నిద్రెట్ల పడ్తది?" అని మొహం కడుక్కోవడానికి వెళ్లిపోయాడు.

గోడ అవతల నుంచి పోశమ్మ గొంతు వినపడింది. "లలితా, పంటి సందుల లవంగం పెట్టుమను పొల్లను. చిటికెల తగ్గుతది."

* * *

ఆటోలో పరుశురాం ముందు సీట్లో డ్రైవరు పక్కన సర్దుకున్నాడు. తల్లీకూతుళ్లు వెనక కూర్చున్నారు. ఫ్లైఓవర్ ఎక్కి దిగేదాకా ఇద్దరూ చెరో పక్కకు చూస్తూ కూర్చున్నారు.

"నాకెందుకు చెప్పలే?" అంది లలితమ్మ, బయటికే చూస్తూ.

"నువ్వు ఏడుస్తవని."

"ఏడిస్తె ఏమైతుండె? ఏడ్చి, ముక్కు చీది, తోల్కపోతుంటి గద."

సుమన తల్లి వైపు తిరిగింది. లలితమ్మ కళ్లు నిండి ఉన్నాయి గానీ పెదవుల మీద కోపం లేదు. కూతురి చెయ్యి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. ఆసుపత్రి వచ్చేదాకా వదల్లేదు.

అది ఒక ట్రస్టు ఆసుపత్రి. ఆడవాళ్ల రొమ్ము పరీక్షలకు రెండో అంతస్తులో వేరే విభాగం ఉంది. హాలులో వరసగా కుర్చీలు. డాక్టరు గదికి హాలు వైపు అద్దం గోడ, లోపల పరీక్ష చేసే మంచానికి చుట్టూ పచ్చ తెర. సుమన మెట్ల దగ్గర ఒకసారి ఆగింది, తండ్రికి ఏమని చెప్పాలో తెలియక. ఆయన ఏమీ అడగలేదు. పళ్ల డాక్టరు ఎక్కడని కూడా అడగలేదు. నేరుగా వెళ్లి అద్దానికి ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చున్నాడు.

డాక్టరు నడివయసు గుజరాతీ ఆవిడ. అందరూ అక్కా అని పిలిచినట్టు డాక్టర్ బెన్ అంటున్నారు. సుమనను కూర్చోబెట్టి హిందీలో నెమ్మదిగా అడిగింది. ఎన్నాళ్ల నుంచి ఉంది, నొప్పి ఉందా, నెలసరి ముందు పెద్దదవుతోందా, రొమ్ము మొన నుంచి ఏమైనా కారుతోందా, ఇంట్లో తల్లికి గానీ పిన్నులకు గానీ రొమ్ము క్యాన్సర్ వచ్చిందా.

క్యాన్సర్ అన్న మాట దగ్గర లలితమ్మ కుర్చీ అంచు పట్టుకుంది. "నహీ, నహీ. హమారే ఘర్ మే కోయీ నహీ," అంది. తర్వాత ఆగలేక తనకొచ్చిన హిందీలో అడిగేసింది. "మేడమ్, ఇది ఫోన్ ఎప్పుడు చూసినా ఛాతీ మీద పెట్టుకుని పండుకుంటది. అందుకే వచ్చిందా?"

"ఫోన్ వల్ల నిద్ర చెడుతుంది, గడ్డలు రావు," అంది డాక్టర్ బెన్. "రా బేటా, చూద్దాం."

తెర వెనక సుమన కళ్లు గట్టిగా మూసుకుంది. అపరిచితురాలి చేతులు తగలగానే ఒళ్లు బిగుసుకుపోయింది. సిగ్గు కంటే భయమే ఎక్కువ. డాక్టరు తొందరపడలేదు. నీ పనేంటని అడిగింది. చీరల డిజైన్లంటే ఎలాంటివని అడిగింది. సుమన జరీ మామిడిపిందెల గురించి చెబుతుండగానే వేళ్లు రెండు రొమ్ములూ, చంకలూ అంతా వెతికేశాయి.

"ఇదిగో, ఇక్కడుంది. నీ చేత్తో కూడా చూడు. వేలు పెడితే అటు జారుకుంటోంది. గుండ్రంగా, నున్నగా ఉంది. నాకైతే భయపడాల్సిందిగా అనిపించడం లేదు. కానీ చేతితో చూసి మాట ఇవ్వను. సోనోగ్రఫీ చేశాకే ఇస్తాను."

సోనోగ్రఫీ గదిలో చల్లటి జెల్లీ రాశారు. తెర మీద బూడిదరంగు మబ్బుల మధ్య చిక్కుడు గింజ లాంటి నల్లటి మచ్చ కనపడింది. సుమన దాన్ని డిజైనరు కళ్లతో చూసింది. అంచులు ఎంత నీట్‌గా ఉన్నాయో అనుకుంది. భయంలోనూ ఆ ఆలోచన వచ్చినందుకు తనకే ఆశ్చర్యమేసింది.

మళ్లీ డాక్టరు ముందుకు వచ్చి కూర్చున్నప్పుడు లలితమ్మ కొంగు అంచును మళ్లీ వేలికి చుట్టుకుంటోంది.

"దీని పేరు ఫైబ్రోఎడినోమా," అంది డాక్టర్ బెన్. "ఈ వయసు ఆడపిల్లల్లో చాలామందికి వస్తుంది. క్యాన్సర్ కాదు. అనుమానం ఏమాత్రం ఉన్నా సూదితో ముక్క తీసి పరీక్షకు పంపేదాన్ని. స్కాన్‌లో అలాంటిదేమీ లేదు. కోయాల్సిన పని కూడా ఇప్పుడు లేదు. ఆరు నెలలకు మళ్లీ రా, ఇంకోసారి చూస్తాను. ఈలోపు పెరిగినా, ఆకారం మారినా, చర్మం లోపలికి గుంజుకున్నా ఆగకుండా రావాలి. అన్ని గడ్డలూ ఇంత మంచివి కావు. చూపించుకుంటేనే ఏది ఏదో తెలుస్తుంది. చింతా మత్ కరో, దిగులు పడకు."

సుమన అమ్మకు తెలుగులో చెప్పాలనుకుంది. కానీ లలితమ్మకు చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆమెకు కావలసిన ఒక్క ముక్కా హిందీలోనే అర్థమైంది.

"షాదీ కర్ సక్తే?" పెళ్లి చేయొచ్చా అని అడిగింది.

"ఎప్పుడు?"

"దీపావళి కే బాద్."

"చేయండి. రేపు పిల్లలు పుడితే పాలు కూడా ఇవ్వొచ్చు. మరి నన్ను పిలుస్తారా?"

లలితమ్మ రెండు చేతులూ జోడించి, "మీరు రాకుంటె తాళి కట్టనియ్య," అంది. తెలుగులోనే అంది. డాక్టర్ బెన్‌కు ఏమర్థమైందో గానీ గట్టిగా నవ్వింది.

బయటికొచ్చేసరికి పరుశురాం లేచి నిలబడి ఉన్నాడు. చెంపల మీద తడి. మొహమంతా నవ్వు.

"ఏంగాదన్నది గద," అన్నాడు.

లలితమ్మ ఆగిపోయింది. ఆయన చెవి దగ్గరకు వెళ్లి, "నీకెవలు చెప్పిన్రు?" అంది.

"డాక్టరమ్మనే చెప్పింది. అద్దంల కెల్లి నోరు చూసిన. చింతా మత్ కరో అన్నది." తండ్రి కూతురి వైపు తిరిగాడు. "మగ్గాల చప్పుట్ల మాటలు ఇనపడ్తయా బిడ్డా? ఒరియావోడు మాట్లాడినా, బిహారోడు మాట్లాడినా నోరు చూసుడే. గట్లనే బతుకుతున్నం గద."

సుమనకు ఏదో తట్టింది. తండ్రి ఎదురుగా నిలబడి, గొంతు పెంచకుండా, పెదవులు మాత్రం స్పష్టంగా కదిపింది. "అయితే పొద్దున?"

"పొద్దున గడపల నిలవడి చూసిన. మీ అమ్మ గడ్డ అన్నది, గా ఒక్క మాటనే అందింది. ఎవలకో ఎరుకైతలేకుండె. నువ్వు చెంప పట్టుకున్నప్పుడు నీ మొహం చూసిన, తెలిసింది."

"మరి పన్ను అంటె ఎందుకు ఊకున్నవ్?" అంది లలితమ్మ.

"అందరు కలిసి అంత కష్టపడి అబద్ధం చెప్తున్రు. నడుమల చెడగొట్టుడెందుకు అనుకున్న."

లలితమ్మ ఆయన భుజం మీద ఒక్కటి వేసింది. వేసి నవ్వింది. సుమనా నవ్వింది. పరుశురాం ఏమీ వినపడని మనుషులు నవ్వినట్టు పెద్దగా నవ్వాడు. హాలంతా తిరిగి చూసింది. తర్వాత కళ్లు తుడుచుకుని, "పొద్దటి సంది ఎవలు ఏం తినలే. గేటు కాడ ఆలూపురి బండి చూసిన. తెస్త," అని మెట్ల వైపు నడిచాడు.

సుమన వదినకు ఫోన్ చేసింది. "భాభీ, సబ్ ఠీక్ ఛే, ఏం భయం లేదు," అంది. ఆనందం ఎక్కువైతే ఆమెకు మూడు భాషలూ కలిసిపోతాయి. అవతల విజయశ్రీ ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. వెనక బాలవ్వ, "ఏమన్నరు, ఏమన్నరు," అని అడగడం మాత్రం వినిపించింది.

అప్పుడే లలితమ్మ కూతురి మోచెయ్యి గట్టిగా నొక్కింది.

"అటు చూడకు," అంది గొంతు తగ్గించి. "ఆఖరి వరసల, గోడ పక్కన. జమున వదినె."

సుమన చూడకుండా ఉండలేకపోయింది. నీలం చీర, తల మీదికి కప్పుకున్న కొంగు. అవును, జమునే. ఒక్కతే కూర్చుని ఉంది. మొహం గోడ వైపు తిప్పుకుని ఉంది.

"మనలను చూసింది," అంది లలితమ్మ. ఇప్పటిదాకా ఉన్న సంతోషమంతా ఆమె మొహంలోంచి జారిపోయింది. "మీ బాపు నవ్వుకు చూడకుండ ఉంటదా? అయిపాయె. అటు కెల్లి ఇంకో దారి ఉన్నట్టున్నది. నడు, పోదాం."

"ఎందుకమ్మా పోవుడు? మనం తప్పు చేసినమా?"

"సుమనా."

తల్లి పిలుపును దాటుకుని సుమన నడిచింది. వెళ్లి జమున పక్క కుర్చీలో కూర్చుంది. లలితమ్మకు వెనకాల రాక తప్పలేదు.

"అత్తమ్మా," అంది సుమన.

జమున ఉలిక్కిపడి తిరిగింది. సుమన ఎప్పుడూ చూడని మొహం అది. సూటిగా చూసే ఆ కళ్లు ఇవాళ నేల మీద దేన్నో వెతుకుతున్నాయి.

"ఊకెనే వచ్చిన బిడ్డా," అంది. "మా గల్లీల ఒకామెకు బాగలేకుంటె చూసి పోదామని."

ఆ ఒకామె ఎవరో, ఏ వార్డులో ఉందో లలితమ్మ అడగలేదు. రోగులను ఉంచే వార్డులు ఆ అంతస్తులో లేవు.

హాలు చివర ఎవరి ఫోనో మోగి ఆగిపోయింది.

"నేను చూపిచ్చుకునేతందుకు వచ్చిన అత్తమ్మా," అంది సుమన. "నాకు రొమ్ముల గడ్డ అయింది. డాక్టరమ్మ చూసింది. ఏం భయం లేదన్నది. ఆర్నెల్లకు మళ్ల రమ్మన్నది. మీకు ఎవరి నోట్లకెల్లో తెలిసుడు కంటె నేను చెప్పుడే మంచిది అనిపిచ్చింది."

లలితమ్మ కళ్లు మూసుకుంది.

జమున చాలాసేపు సుమననే చూసింది. కోపమో కాదో మొహంలో తెలియలేదు. తర్వాత ఆమె చెయ్యి మెల్లగా కదిలి సుమన చెయ్యిని వెతికి పట్టుకుంది. ఆ చెయ్యి మంచులా చల్లగా ఉంది.

"నొప్పి పెట్టిందా బిడ్డా? లోపల పరీక్ష చేసేటప్పుడు?"

"లేదత్తమ్మా. అస్సలు లేదు."

"మగ డాక్టరా?"

"ఆడామెనే. మంచామె."

జమున తల ఊపింది. పెదవులు తడుపుకుంది.

"నాకు గూడ ఉన్నది," అంది. "ఎండకాలం సంది ఉన్నది. గేటు దాక వచ్చి మర్లిపోయిన ఎన్నోసార్లు. హిందీల ఏమడుగుతరో, ఏం చెప్పాల్నో తెల్వదు. కమలాకర్‌కు ఎట్ల చెప్పాలె? మగపిలగాడు. తల్లి రొమ్ముల గడ్డ అని కొడుకుతోని ఎట్ల అనాలె?"

లలితమ్మ కళ్లు తెరిచింది. పొద్దున తాను వంటింట్లో అన్న మాటలన్నీ ఆమెకు ఒక్కసారిగా చేదుగా అనిపించాయి. ఈమెకే కదా తాను భయపడింది. ముందుకు జరిగి జమునకు రెండో పక్కన కూర్చుంది.

"వదినె, నేను గూడ నా బిడ్డను పెండ్లి దాక ఆపుదామనుకున్న," అంది. "నీకు తెలుస్తదని భయపడి."

"నాకు తెలుస్తదనా?"

"ఆఁ. నీకే."

జమున ఆమెను వింతగా చూసింది. తర్వాత ఆ మొహంలో, ఎంతో అరుదుగా కనపడే నవ్వు వచ్చింది. "నేను గూడ మీకు తెలుస్తదనే భయపడ్డ వదినె. ఇసొంటి ఇంట్ల మా పొల్లను ఇయ్యం అంటరేమో అని."

ఇద్దరు వియ్యపురాళ్లూ ఒకరినొకరు చూసుకుని, ఆసుపత్రి అని కూడా మరిచి నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే జమున కళ్లలో నీళ్లు తిరిగాయి. లలితమ్మ తన కొంగుతోనే తుడిచింది.

"జమునాబెన్," అని నర్సు పిలిచింది.

జమున లేవలేదు. కుర్చీ చేతిని పట్టుకుని అలాగే కూర్చుంది.

"లే వదినె," అంది లలితమ్మ. "నేనొస్త. సుమన హిందీల చెప్తది. నువ్వు తెలుగుల ఎంత చెప్పినా చెప్పు, అది అంత చెప్తది."

"భయపడకుండ్రి అత్తమ్మా. చేతులు తాకంగనే జర కొత్తగుంటది. అంతే."

జమున లేచింది. డాక్టరు గది తలుపు దాకా వచ్చింది. అప్పుడు సుమన చేతిలో ఫోన్ మోగింది. స్క్రీన్ మీద కమలాకర్ పేరు.

సుమన జమున వైపు చూసింది. ఎత్తాలా వద్దా అని ఆ చూపు. జమున తలుపు దగ్గరే ఆగింది. సుమన ఎత్తి స్పీకర్ పెట్టింది.

"సుమనా, మా అమ్మ మీ దిక్కు వచ్చిందా? పొద్దట్నుంచి ఫోన్ ఎత్తుతలేదు. కిసీ కో పతా నహీ, ఎవలకు ఎరుక లేదంటున్నరు. నేను మిల్లుల కెల్లి బయటికి వచ్చేసిన. పరేశాన్ అయితున్న."

సుమన నోరు తెరిచేలోపు జమున చెయ్యి చాపింది.

"ఇటియ్యి బిడ్డా. నా కొడుకుతోని నేనే మాట్లాడ్త."

ఫోన్ చెవి దగ్గరికి కాకుండా, అద్దంలా మొహానికి ఎదురుగా పట్టుకుంది. లోపల డాక్టర్ బెన్ ఎదురుచూస్తోంది.

"కమలాకర్, నేను మంచిగనే ఉన్న," అంది జమున. "నా కోడలి తోని ఉన్న."

"కోడలా?" అవతల గొంతు తడబడింది. "ఎక్కడున్నరు మీరు?"

జమున ఒక చేత్తో సుమన భుజం పట్టుకుంది. గొంతు సవరించుకుంది. హాలులో అందరికీ వినపడేలా, తడబడకుండా చెప్పింది.

"దవఖానల ఉన్న బిడ్డా. నా రొమ్ముల గడ్డ ఉన్నది, చూపిచ్చుకునేతందుకు వచ్చిన. లోపటికి పోతున్న. నువ్వు గూడ రా."